ఎక్స్‌సర్వీస్‌మన్ కార్డు అసలు ఎక్కడెక్కడ నడుస్తుంది? బాపు కార్డుతో మా తిప్పలు

పరకాల_బిడ్డ | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. మా బాపు ఆర్టిలరీలో 24 ఏళ్లు చేసి 1998లో హవల్దార్‌గా రిటైర్ అయ్యాడు. ఇప్పుడు 69 ఏళ్లు. సైనిక సంక్షేమ ఆఫీసు వాళ్లు ఇచ్చిన గుర్తింపు కార్డు ఆయన చొక్కా జేబులో లేకుండా గడప దాటడు. పొలానికి పోయినా అంతే.

పోయిన నెల ఒక రాత్రి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. గాల్‌బ్లాడర్‌లో రాళ్లన్నారు. అంత నొప్పిలోనూ కార్డు తీసి కౌంటర్ మీద పెట్టాడు. అక్కడున్న అమ్మాయి అటు తిప్పి ఇటు తిప్పి చూసి "ఇది ఆరోగ్యశ్రీ కార్డా అంకుల్?" అనడిగింది. కాదమ్మా, మిలిటరీది అన్నాడు. "ఇది మా దగ్గర నడవదు" అని ఒక వేలితో వెనక్కి జరిపింది. ఆపరేషన్‌కి 70 వేల పైన మేమే పెట్టుకున్నాం. పైసల సంగతి పక్కన పెట్టండి. ఆ వేలితో జరపడం ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు.

టోల్ గేటు దగ్గరా ఇదే కథ, రైల్లోనూ ఇదే కథ. ఇంట్లో ఒక జోకు నడుస్తోంది. అమ్మ ఆధార్ చూపించి బస్సులో జీరో టికెట్ తీసుకుంటుంది, బాపు ఆర్మీ కార్డు చూపించి ఫుల్ టికెట్ కొంటాడు.

ఇంతకీ ఈ కార్డు దేనికి పనికొస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి. కార్డు రెండు వైపులా ఫోటో పెడుతున్నా.

వేదిక నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 9:20

ఫోటో తీసేశాను. ఎవరూ కార్డుల ఫోటోలు, పీపీఓ (పెన్షన్ ఉత్తర్వు) నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. కారణం కింద ఎవరో ఒకరు చెబుతారు.

గన్నర్_మామ | ఆదివారం, రాత్రి 9:48

అమ్మా, నేనూ ఆర్టిలరీయే. సుబేదార్‌గా దిగాను, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నా. మీ బాపు బాధ అర్థమైంది. కానీ ఆ కౌంటర్ అమ్మాయి తప్పేం లేదు. మీరు చూపించింది వేరే తాళంచెవి.

మన దగ్గర ఉండాల్సినవి నాలుగు. ఒకటి, మీ బాపు జేబులోది. ఈయన ఫలానా నంబరు, ఫలానా రెజిమెంట్, పెన్షన్‌తో దిగిన మాజీ సైనికుడు అని చెప్పేదే ఆ కార్డు, అంతకు మించి ఏమీ చెప్పదు. రెండోది ఈసీహెచ్ఎస్ కార్డు, అంటే మాజీ సైనికుల వైద్య స్కీముది, ఆసుపత్రిలో నడిచేది అదొక్కటే. మూడోది ఆర్మీ క్యాంటీన్‌లో సరుకులు కొనే కార్డు. నాలుగోది కార్డు కాదు, కాగితాలు: డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ. మొదటి మూడింటికీ తల్లి ఈ నాలుగోదే. జనం కార్డును జేబులో దేవుడి పటంలా పెట్టుకుని డిశ్చార్జ్ బుక్కును అటక మీద ఎలుకలకు వదిలేస్తారు.

ఒకటి అడుగుతా. మీ బాపు ఈసీహెచ్ఎస్‌లో చేరలేదా? 2003 ఏప్రిల్ 1న మొదలైంది ఆ స్కీము. ఆ తర్వాత రిటైరైనవాళ్లకు తప్పనిసరి. అంతకుముందు దిగినవాళ్లకు ఇష్టం ఉంటే చేరమన్నారు. 1998 అంటున్నారు కాబట్టి అనుమానం వచ్చింది.

పరకాల_బిడ్డ | ఆదివారం, రాత్రి 10:05

ఇప్పుడే అడిగాను మామా. "అప్పుడేదో స్కీమన్నారు, పైసలు కట్టాలన్నారు, నాకేం రోగం అని కట్టలేదు" అన్నాడు. పెన్షన్ స్లిప్పులో మాత్రం మెడికల్ అలవెన్స్ అని నెలకు 1,000 కనిపిస్తోంది.

గన్నర్_మామ | ఆదివారం, రాత్రి 10:11

దొరికింది. ఆ వెయ్యి రూపాయలే మీ 70 వేలు మింగింది.

ఇప్పుడైనా చేరొచ్చు. ఆ అలవెన్స్ ఆపేయించుకుని, ర్యాంకును బట్టి ఒక్కసారి కట్టాలి. హవల్దార్ దాకా 30,000, జేసీఓలకు, అంటే నాయబ్ సుబేదార్ నుంచి సుబేదార్ మేజర్ దాకా 67,000, ఆఫీసర్లకు 1,20,000. 1996కు ముందు దిగినవాళ్లయితే కట్టక్కర్లేదు, మీ బాపుకు రెండేళ్లలో తప్పిపోయింది. కడితే ఆయనకు, అమ్మకు జీవితాంతం. కొడుకులకైతే 25 ఏళ్ల వరకే, అంతలోపు పెళ్లో ఉద్యోగమో వస్తే అక్కడితో ఆగుతుంది. కూతుళ్లకు పెళ్లయ్యేదాకా లేదా సంపాదన మొదలయ్యేదాకా.

కార్డు వచ్చాక కూడా నేరుగా పెద్దాసుపత్రికి పోయి పడుకోవడం కాదు. ముందు ఈసీహెచ్ఎస్ వాళ్ల పాలీక్లినిక్, అక్కడ డాక్టరు రాసిన రిఫరల్, అప్పుడు లిస్టులో ఉన్న ఆసుపత్రి. మీ బాపుకొచ్చినట్టు అర్ధరాత్రి ప్రాణం మీదికొస్తే మాత్రం ఏ ఆసుపత్రికైనా పోవచ్చు, 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. లిస్టులో లేని ఆసుపత్రి అయితే ముందు మీరు కట్టి తర్వాత బిల్లు పెట్టుకోవాలి. వాళ్లు సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య స్కీము) రేటు ప్రకారమే ఇస్తారు, మీరు కట్టినంతా రాదు.

కాజీపేట_జంక్షన్ | సోమవారం, ఉదయం 6:30

రైలు సంగతి నేను చెబుతా, రైల్వేలోనే నా నౌకరీ. సర్వీసులో ఉన్న జవాన్లకు సర్కారు ఖర్చు మీద ప్రయాణించే వారంటు ఉంటుంది, రాయితీ ఉంటుంది. రిటైరైన మామూలు సైనికుడికి ఈ కార్డు మీద టికెట్‌లో పైసా తగ్గదు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర, అశోక, కీర్తి, శౌర్య చక్రాలు వచ్చినవాళ్లకు రైల్వే పాసు వేరే ఉంటుంది. అది పతకానికిచ్చేది, ఈ కార్డుకిచ్చేది కాదు. సీనియర్ సిటిజన్ రాయితీ ఉండేది కదా అని మీ బాపు వాదించి ఉంటాడు, అది 2020 మార్చిలోనే ఆపేశారు.

రైల్లో ఈ కార్డు ఒక్క పనికి వస్తుంది. సివిల్ డ్రెస్సులో ఎదురు సీటులో ఉన్న ఇంకో ఫౌజీ దాన్ని చూసి "ఏ యూనిట్ సాబ్?" అంటాడు. ఇక సికింద్రాబాద్ దాకా నిద్ర ఉండదు.

జనగామ_స్టీరింగ్ | సోమవారం, ఉదయం 8:02

టోల్ గురించి: నేను ట్యాక్సీ నడుపుతా. హైదరాబాద్ రూటులో ఒకసారి ఒక పెద్దాయన నా కారులో కూర్చుని గేటు దగ్గర 20 నిమిషాలు లొల్లి పెట్టాడు. "1901 చట్టం ఉంది, నాకు టోల్ లేదు" అని. వెనక లారీలు హారన్లు. చివరికి ఫాస్టాగ్ నాదే కాబట్టి ఆయన మాట్లాడుతుండగానే పైసలు కట్ అయిపోయాయి, గేటు లేచింది. ఆయన చూడలేదు. గెలిచాననుకున్నాడు. నేనూ ఏం అనలేదు.

చట్టం నిజంగా ఉందా?

గన్నర్_మామ | సోమవారం, ఉదయం 8:40

ఉంది. ఇండియన్ టోల్స్ చట్టం, 1901, ఆర్మీకి, ఎయిర్‌ఫోర్స్‌కు. కానీ అది డ్యూటీలో ఉన్నవాళ్లకు. రిటైరైనవాళ్లకు వర్తించదు. జాతీయ రహదారుల ఫీజు నిబంధనలు 2008లో వచ్చాయి. అందులోనూ పైన కాజీపేట తమ్ముడు చెప్పిన ఆరు చక్రాల వాళ్లకే మినహాయింపు, అదీ అధికారి ధ్రువీకరించిన ఫోటో గుర్తింపు కార్డు చూపిస్తేనే. మామూలు ఎక్స్‌సర్వీస్‌మన్ కార్డుకు టోల్ మినహాయింపు అని వాట్సాప్‌లో తిరిగేదంతా చెత్త. నాకే నెలకు మూడుసార్లు వస్తుంది, పంపేది కూడా మనవాళ్లే.

లష్కర్_సింగారం | సోమవారం, ఉదయం 9:15

మామా, ఒక మాట. రూల్ లేదు సరే. కానీ ఆ పెద్దాయన అడిగింది వంద రూపాయలు కాదు. ఆయన బార్డర్‌లో నిలబడ్డప్పుడు ఈ హైవే లేదు, ఆ టోల్ గేటు కుర్రాడు పుట్టనే లేదు. ఒక్క సలాం కొట్టి "సార్, రూల్ లేదు సార్" అంటే అయిపోయేది. మా పేటకు పేరే లష్కర్, అంటే సైన్యం. కార్డుకు ఆమాత్రం గౌరవం ఉండొద్దా?

గన్నర్_మామ | సోమవారం, ఉదయం 9:31

గౌరవం వస్తే తీసుకుంటాం. అడిగి తీసుకుంటే అది టోల్ కన్నా చిన్నదైపోతుంది తమ్మీ. గేటు దగ్గరున్న కుర్రాడి జీతం మన పెన్షన్‌లో సగం కూడా ఉండదు.

లష్కర్_సింగారం | సోమవారం, ఉదయం 9:34

దీనికి నేను ఒప్పుకోను. సరే కానీ, చర్చ నడవనివ్వండి.

మాజీ_నాయక్ | సోమవారం, మధ్యాహ్నం 1:20

మీరంతా కార్డు నడవట్లేదని బాధపడుతున్నారు. నాకు కార్డే లేదు.

9 ఏళ్లు చేశాను. కాశ్మీర్‌లో రెండు చలికాలాలు. నాయిన చనిపోయి, ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు నా మీద పడితే 1994లో నేనే రాసిచ్చి వచ్చేశాను. కార్డు కోసం పోతే డిశ్చార్జ్ బుక్కులో ఒక లైను మీద వేలు పెట్టి చూపించారు: "సొంత కోరిక మీద". 1987 జూలై 1 తర్వాత బయటికొచ్చినవాళ్లకు పెన్షన్ ఉండాలట. లేదంటే సర్వీసు వల్ల వచ్చిన అనారోగ్యంతో దింపేసి ఉండాలి, లేదంటే కాంట్రాక్టు కాలం పూర్తయి గ్రాట్యుటీతో దిగి ఉండాలి. నేను మూడింటిలోనూ లేను. మా ఊళ్లో 70ల్లో కొన్నేళ్లే చేసి వచ్చిన తాత ఉన్నాడు, పెన్షన్ లేకున్నా ఆయన ఎక్స్‌సర్వీస్‌మన్. అప్పటి రూల్ వేరు.

ఊళ్లో అందరూ నన్ను మిలిటరీ అనే పిలుస్తారు. సర్కారు కాగితంలో మాత్రం కాదు.

భూపాలపల్లి_అన్న | సోమవారం, మధ్యాహ్నం 2:05

అన్నా, మీది చదివి టెన్షన్ పట్టుకుంది. మా తమ్ముడు అగ్నివీర్, మొదటి బ్యాచుల్లో చేరాడు. నాలుగేళ్లు అయ్యాక వాడికి ఈ కార్డు వస్తుందా?

గన్నర్_మామ | సోమవారం, మధ్యాహ్నం 2:30

రాదు. దాచి చెప్పడం కన్నా ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. అగ్నిపథ్ షరతుల్లోనే ఉంది: పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, ఈసీహెచ్ఎస్ లేదు, క్యాంటీన్ లేదు, ఎక్స్‌సర్వీస్‌మన్ హోదా లేదు. చేతికొచ్చేది సేవా నిధి, సుమారు 11.71 లక్షలు, దాంతోపాటు సర్టిఫికెట్టు. 25 శాతం మంది దాకా రెగ్యులర్‌గా తీసుకుంటారు. అందులో పడితే ఇంకో 15 ఏళ్లు చేసి మాలాగే పెన్షన్‌తో దిగుతాడు, అప్పుడు కార్డు. పడకపోతే కేంద్ర బలగాల్లో మాజీ అగ్నివీర్లకు రిజర్వేషన్ ఉంది. ఆ నోటిఫికేషన్లు ఇప్పటి నుంచే చూస్తూ ఉండమను.

మాజీ_నాయక్ | సోమవారం, మధ్యాహ్నం 2:41

తమ్ముడికి చెప్పు, డిశ్చార్జ్ కాగితాల్లో ఏం రాశారో సంతకం పెట్టేముందు చదవమని. నేను చదవలేదు.

ములుగు_సీఆర్ | సోమవారం, సాయంత్రం 5:10

మధ్యలో ఒక చిన్న డౌట్. నేను సీఆర్‌పీఎఫ్ రిటైర్డ్. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో తిరిగాను. ఆర్మీ క్యాంటీన్‌కు పోతే లోపలికి రానివ్వలేదు.

గన్నర్_మామ | సోమవారం, సాయంత్రం 5:25

మీరు హోంశాఖ కింద, మేం రక్షణ శాఖ కింద. మీకు 2012లో ఎక్స్ సీఏపీఎఫ్ (కేంద్ర సాయుధ పోలీసు బలగాల మాజీ) అని గుర్తింపు ఇచ్చారు, అది ఎక్స్‌సర్వీస్‌మన్‌తో సమానం కాదు. మీకు సరుకులు కేంద్రీయ పోలీస్ కల్యాణ్ భండార్‌లో. అడవి మాత్రం ఇద్దరికీ ఒకటే, ఒప్పుకుంటా.

నర్సంపేట_కొడుకు | సోమవారం, రాత్రి 8:50

ఇది తప్పకుండా చదవండి, ముఖ్యంగా నాన్న బతికున్నవాళ్లు.

మా నాన్న పోయాక అమ్మ పేరు మీద వితంతు గుర్తింపు కార్డు కోసం పోయాం. డిశ్చార్జ్ బుక్కు తెరిస్తే నీలం సిరాతో అమ్మ పేరు "సమ్మక్క" అని ఉంది. ఆధార్‌లో "సమ్మమ్మ". బ్యాంకులో ఇంటిపేరుతో కలిపి ఇంకోలా. పుట్టిన తేదీ అయితే మూడు చోట్ల మూడు. అక్కడి గుమస్తా మంచివాడే, కానీ చేసేదేం లేదన్నాడు. నాన్న రెజిమెంట్ రికార్డ్ ఆఫీసు వాళ్లు పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే కుటుంబ వివరాలు ఎక్కించే ఉత్తర్వులో మారిస్తేనే ముందుకు పోతుందట. అఫిడవిట్ చేయించాం, పంపాం. ఒకసారి తిరిగొచ్చింది, సంతకం పక్కన ముద్ర సగమే పడిందని. రెండోసారి జవాబే లేదు. 14 నెలలు పట్టింది. ఆ 14 నెలలు అమ్మ ప్రతి పోస్టుమ్యాన్‌నీ ఆపి అడిగేది.

నాన్న ఉండగా ఆయన ఒక్క సంతకంతో పోయే పని ఇది. ఇప్పుడు రక్షణ శాఖ పెన్షన్ల పోర్టల్ స్పర్శ్‌లో లాగిన్ అయి పీపీఓలో భార్య పేరు, పుట్టిన తేదీ చూసుకోవచ్చు. ఈ రాత్రే చూడండి.

జనగామ_స్టీరింగ్ | సోమవారం, రాత్రి 9:05

మా మేనమామది చూశా. భార్య పేరు దగ్గర ఆయన అమ్మ పేరు ఉంది!! థాంక్స్ అన్నా.

బ్యాంకు_కాపలా | మంగళవారం, ఉదయం 7:15

అందరూ కార్డు ఎక్కడ నడవదో చెబుతున్నారు. నాకు అన్నం పెట్టింది ఆ కార్డే, ఆ మాట కూడా చెప్పాలి.

17 ఏళ్లు చేసి 36 ఏళ్లకు దిగాను. సైనిక సంక్షేమ ఆఫీసులో పేరు నమోదు చేసుకున్నా, మనకు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ అదే. రెన్యువల్ తప్పకుండా చేసుకుంటూ ఉండాలి, చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టుల్లో మనకు 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల్లో, కంపెనీల్లో 14.5 శాతం. వయసులోంచి సర్వీసు మొత్తం తీసేసి, దాని మీద ఇంకో 3 ఏళ్లు సడలింపు ఇస్తారు. పదో తరగతి పాసై 15 ఏళ్ల సర్వీసు ఉంటే గ్రూప్ సి పోస్టులకు డిగ్రీతో సమానంగా చూస్తారు. నేను ఇంటర్ ఫెయిలు, ఆ రూలు లేకపోతే ఫారం కూడా నింపలేకపోయేవాణ్ని.

ఒక జాగ్రత్త. ఈ కోటాలో ఒక సర్కారు నౌకరీలో చేరిపోతే, తర్వాత ఇంకోదానికి మళ్లీ కోటా అడగడం కష్టం. చేరేముందే వేరే ఏయే పోస్టులకు అప్లై చేశారో రాసి ఇవ్వాలి. నాతో చేరిన ఒకతను రాసివ్వలేదు. ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు.

పాత_క్లర్కు | మంగళవారం, ఉదయం 10:40

నేను మాజీ సైనికుల కాగితాలు చూసే పనిలో కొన్నేళ్లు ఉన్నాను. రెండు మాటలు.

ఈ కార్డు తేవడానికి తిరుగుతారు, తెచ్చాక మాత్రం మా గడప తొక్కరు. అసలు అది బాగా నడిచేది సైనిక సంక్షేమ ఆఫీసులోనే. హవల్దార్ దాకా దిగినవాళ్ల పిల్లలకు, ఇద్దరి వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా చదువు గ్రాంటు నెలకు 1,000 ఉండేది. 2025 నవంబర్ 1 నుంచి పెట్టే దరఖాస్తులకు 2,000 చేశారు. ఇద్దరు కూతుళ్ల దాకా పెళ్లి గ్రాంటు 50 వేల నుంచి లక్ష అయింది. పెన్షన్ లేకుండా 65 దాటిన మాజీ సైనికులకు, వారి వితంతువులకు నెలకు 4,000 ఇచ్చేది ఇప్పుడు 8,000. నాయక్ గారూ, మీ ఊరి తాత ఇది తీసుకుంటున్నాడో లేదో ఒకసారి అడగండి. దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లోనే పెట్టాలి, పరిశీలన మాత్రం ఇక్కడి ఆఫీసులోనే జరుగుతుంది.

రెండోది అడ్రసు. ఒకాయన కార్డు మీద "వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్" అని ఉండేది. 2014లో రాష్ట్రం మారింది. 2016లో ఆయన ఊరు వరంగల్ రూరల్‌లోకి పోయింది. 2021లో రూరల్, అర్బన్ పేర్లు పోయి వరంగల్, హనుమకొండ అయ్యాయి. ఇల్లు కదల్లేదు, మనిషి కదల్లేదు, అడ్రసు మూడుసార్లు కదిలింది. ఆయనేమో "నేను పుట్టినప్పుడు నిజాం రాజ్యం, అది కూడా రాయండి" అన్నాడు. ఆధార్‌తో సరిపోలకపోతే గ్రాంటు దగ్గర ఆగుతుంది, మార్పించుకోండి.

మాజీ_నాయక్ | మంగళవారం, ఉదయం 11:02

అడుగుతా సార్. తాతకు ఫోన్ లేదు, నేనే తీసుకెళ్తా.

హన్మకొండ_స్కూటీ | మంగళవారం, మధ్యాహ్నం 12:30

పైన నిర్వాహకుడు ఫోటో ఎందుకు తీసేశాడో నేను చెబుతా. పాత వస్తువులు అమ్మే ఒక యాప్‌లో స్కూటీ చూశాను, 28 వేలు. అమ్మేవాడు ఆర్మీ, ట్రాన్స్‌ఫర్ అయిందన్నాడు. నమ్మకం కోసమని క్యాంటీన్ కార్డు, యూనిఫాం ఫోటో పంపాడు. జై హింద్ మేడమ్ అన్నాడు. అడ్వాన్స్ అని, ట్రాన్స్‌పోర్ట్ అని 11,500 పంపాను. తర్వాత ఫోన్ స్విచాఫ్. సైబర్ క్రైమ్‌కు 1930కి ఫోన్ చేస్తే, ఆ కార్డు ఎవరో నిజం సైనికుడిదే, ఫోటో తిరుగుతోంది అన్నారు.

ఆ కార్డులో ముఖం ఇప్పటికీ గుర్తుంది. పాపం ఆయనకు తెలియదు, ఆయన పేరు మీద ఎన్ని స్కూటీలు అమ్ముడుపోయాయో.

లష్కర్_సింగారం | మంగళవారం, మధ్యాహ్నం 12:44

అయ్యో. జిరాక్స్ ఇచ్చేటప్పుడు అడ్డంగా గీత కొట్టి, దేనికి ఇస్తున్నామో రాయాలి. నేనివాళ్టి నుంచి మొదలుపెడుతున్నా.

కాజీపేట_జంక్షన్ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఓటు వేయడానికి నడుస్తుందా ఈ కార్డు? మా బాబాయిని పోలింగ్ బూత్‌లో ఆపారు.

పాత_క్లర్కు | మంగళవారం, మధ్యాహ్నం 1:35

ఓటరు కార్డు లేనప్పుడు చూపించే పత్రాల్లో ఫోటో ఉన్న పెన్షన్ పత్రం ఉంది. అంటే పీపీఓ. గన్నర్ గారు చెప్పిన అటక మీది కాగితం. అంత దూరం ఎందుకు, ఆధార్ తీసుకుపోతే సరి.

పరకాల_బిడ్డ | శుక్రవారం, రాత్రి 8:15

అందరికీ చాలా థాంక్స్. నిన్న బాపును తీసుకుని హనుమకొండ పోయి వచ్చాం. డిశ్చార్జ్ బుక్కు అటక మీద లేదు మామా, బియ్యం డబ్బాలో ఉంది. అమ్మ పెట్టిందట, ఎలుకలు రావని. అట్ట ఊడింది కానీ లోపల అంతా బాగుంది. 1974లో దిగిన ఫోటో చూసి నా బిడ్డ "ఈయన ఎవరు?" అనడిగింది.

అమ్మ పేరు అన్నిటిలో ఒకటే ఉంది, పుట్టిన సంవత్సరం మాత్రం రెండేళ్లు తేడా. అది ముందు సరిచేయించుకోమన్నారు. 30 వేలు కట్టడానికి బాపు ఒప్పుకున్నాడు. ఒప్పుకునేముందు అరగంట లెక్క వేశాడు, ఇన్నేళ్లలో వచ్చిన అలవెన్స్ ఎంత, ఆసుపత్రికి పోయింది ఎంత అని. లెక్క తేలాక ఏం మాట్లాడలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కండక్టర్‌కి అలవాటుగా కార్డు చూపించి, టికెట్ కొనుక్కున్నాడు. ఎందుకు బాపూ అంటే "చూస్తే ఏం పోయింది" అన్నాడు.

ఒక ప్రశ్న మిగిలింది. ఈసీహెచ్ఎస్ ఫారంకు అమ్మ ఫోటో కావాలి. గాల్‌బ్లాడర్ కార్డుకు నా ఫోటో ఎందుకు అని స్టూడియోకు రానంటోంది. ఇంట్లో ఫోన్‌తో తెల్ల గోడ ముందు తీస్తే తీసుకుంటారా?

గన్నర్_మామ | శుక్రవారం, రాత్రి 8:22

తీసుకుంటారు. నీడ పడకుండా చూడు.